620, 616 ఫోల్డింగ్ కెమెరాల్లో 120 ఫిల్ము వాడాలంటే కెమెరాను కోయక్కర్లేదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో తాతగారి నాటి కొడాక్ ఫోల్డింగ్ కెమెరాలు రెండున్నాయి. ఒకటి సిక్స్-20, రెండోది సిక్స్-16. కొత్తగా కొన్న 120 రోలు మొదటి దాంట్లో దూరడం లేదు, రెండో దాంట్లో వదులుగా ఆడుతోంది. సిక్స్-20 రోలు గదిని ఆకురాయితో రాసి పెద్దది చేస్తే సరిపోతుందని రిపేరు చేసే ఆయన అన్నారు. చేయించవచ్చా?

చేయించొద్దు. ఒకసారి రాసిన లోహం తిరిగి రాదు. పైగా అసలు ఇబ్బంది లోహంలో లేదు, ఫిల్ము చుట్టిన స్పూలులో ఉంది. సిక్స్-20కి స్పూలు మార్చాలి, సిక్స్-16కి బయటి ముక్కలు నాలుగైదు అమర్చాలి. ఈ రెండు పనుల్లో దేనికీ కెమెరా ఒంటి మీద గీత పడదు. రేపు ఎవరికైనా ఇచ్చినా పాత రూపంలోనే ఇవ్వొచ్చు.

ముందు సిక్స్-20 సంగతి చూద్దాం. కెమెరా పేరులో "20" అంటే 620 ఫిల్ము, "16" అంటే 616 ఫిల్ము. 620 అన్నది వేరే ఫిల్ము కాదు. 120 ఫిల్మే. వెడల్పు అదే, దాదాపు 61.5 మి.మీ. వెనక నల్ల కాగితం అదే, దాని మీద అంకెలూ అవే. కొడాక్ 120ని 1901లో తెచ్చింది. అప్పట్లో దాని స్పూలు నడిమి కడ్డీ చెక్కది, కాబట్టి లావుగా ఉండేది. ప్లాస్టిక్ వచ్చాకా ఆ లావే మిగిలింది. 1930ల మొదట్లో అదే ఫిల్మును సన్నటి లోహపు కడ్డీకి చుట్టి, రెండు వైపులా బిళ్ళల్ని చిన్నవి చేసి 620 అని పేరు పెట్టింది. 120 స్పూలు బిళ్ళ అడ్డుకొలత సుమారు 25 మి.మీ. ఉంటే 620ది సుమారు 23. ఈ రెండు మిల్లీమీటర్ల వల్లే మీ రోలు దూరడం లేదు. 620 ఫిల్ము తయారీని కొడాక్ 1995లో ఆపేసింది.

గది రాయించొద్దనడానికి కారణాలున్నాయి. ఫిల్మును లాగే కీ మొన 620 స్పూలు చివరి సన్నటి గాడికి సరిపడా చేసింది. 120 స్పూలు గాడి పెద్దది, అందులో ఆ మొన జారుతుంది లేదా ప్లాస్టిక్‌ని నలగ్గొట్టి మధ్యలో ఖాళీగా తిరుగుతుంది. గది పెద్దదైనా ఈ చిక్కు తీరదు. ఇంకో సంగతి, గది అంచూ వెనక తలుపు అంచూ ఒకదాంట్లో ఒకటి కూర్చోవడం వల్లే వెలుతురు లోపలికి రాకుండా ఆగుతోంది. ఆ అంచు అరమిల్లీమీటరు పలచబడితే ప్రతి ఫ్రేము (ఒక్కో ఫొటో) పక్కనా తెల్లటి పొగ వస్తుంది. ఇవి చాలవన్నట్టు ఆకురాయి రాల్చిన లోహపు పొడి బెల్లోస్ (లెన్సుకీ కెమెరా ఒంటికీ మధ్య ఉండే తిత్తి) మడతల్లో చేరి, తెరిచిన ప్రతిసారీ ఫిల్ము మీద పడుతుంది. మడతల్లో చేరిన పొడిని పూర్తిగా తీయడం ఎవరి వల్లా కాదు.

ఇంకో దారి కూడా చాలామంది చెబుతుంటారు. 120 స్పూలు బిళ్ళల్నే నెయిల్ కట్టరుతో చుట్టూ కత్తిరించి, గరుకు కాగితం మీద రుద్ది 23 మి.మీ.కి తేవడం. కొన్ని కెమెరాల్లో ఇది పనిచేస్తుంది, అదీ ఫిల్ము బయల్దేరే వైపు మాత్రమే. చుట్టుకునే వైపు అసలు 620 స్పూలే ఉండాలి. ఇబ్బంది ఎక్కడంటే, కడ్డీ లావుగా ఉండటంతో రోలు ఒళ్లు దాదాపు కొత్త బిళ్ళ అంచు దాకా వచ్చేస్తుంది. వెలుతురును అడ్డుకోవడానికి మిగిలే అంచు చాలా సన్నం. స్పూలు గదిలో బిగుసుకుంటే కీ తిప్పడానికి బలం పడుతుంది, అప్పుడు కాగితం గాడి దగ్గర చిరుగుతుంది. ఊళ్లో ఉండగా చేతిలో వేరే దారేదీ లేకపోతే చేయండి. అలవాటుగా మాత్రం పెట్టుకోవద్దు.

సరైన పద్ధతి 120 ఫిల్మును చీకట్లో 620 స్పూలు మీదకి తిరిగి చుట్టుకోవడం. మొదటిసారి పావుగంట, చేయి తిరిగాక ఐదు నిమిషాలు.

కావలసింది రెండు 620 స్పూళ్లు. ఒకటి సాధారణంగా కెమెరాలోనే ఉంటుంది, చుట్టుకునే వైపు చూడండి. రెండోది పాత కెమెరాల సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది, త్రీడీ ప్రింటింగ్ చేయించుకున్నా పర్వాలేదు. లోహపు స్పూలైతే రెండు వేళ్ల మధ్య పట్టి తిప్పి చూడండి. బిళ్ళ అటూ ఇటూ ఊగుతుంటే అది వంకర పోయినట్టు, కాగితం అంచును కోసేస్తుంది. తుప్పుంటే సన్నటి గరుకు కాగితంతో తీసి బాగా తుడవండి. ప్రింట్ చేసిన దానికి గాడి లోపల ప్లాస్టిక్ పోగులు మిగులుతాయి, అవీ తీయాలి.

సాధన కోసం ఒక 120 రోలును బలిచ్చేయండి. గడువు తీరిందైతే ఖర్చు తక్కువ. వెలుతురులో కళ్లు తెరిచి రెండుసార్లు, కళ్లు మూసుకుని రెండుసార్లు చుట్టాకే అసలు ఫిల్ము ముట్టుకోండి. ఈ బలిరోలును పారేయొద్దు. దాని కాగితం కింద సిక్స్-16 కొలతలకి కావాలి.

ఇక చుట్టే విధానం. 120 రోలులో ముందు ఒట్టి కాగితం వస్తుంది, తర్వాత కాగితానికి టేపుతో అతికించిన ఫిల్ము మొదలు, తర్వాత ఫిల్మంతా, ఆ చివర అతికింపు లేని వదులు కొస, చివర్లో మళ్లీ ఒట్టి కాగితం. ఫిల్ము ఒక్క చోటే, మొదట్లోనే, కాగితాన్ని పట్టుకుని ఉంటుందన్నది గుర్తుంచుకోండి. మిగతా పనంతా దీన్నిబట్టే.

రోలు సీలు తీసి, కాగితం మొనను మొదటి 620 స్పూలు గాడిలో దూర్చి నీడలోనే రెండు చుట్లు చుట్టండి. కాగితం గాడిలో నిటారుగా కూర్చుందా లేదా అన్నది ఇప్పుడే చూసుకోవాలి, చీకట్లో తెలియదు. తర్వాత లైట్లార్పేసి, మొత్తం రోలును ఆ స్పూలు మీదకి ఎక్కించండి. టేపు వచ్చినప్పుడు బొటనవేలికి చిన్న గట్టు తగులుతుంది. చివరికి కాగితం తోక 120 స్పూలు నుంచి ఊడి వస్తుంది. దాన్ని వదిలేయకండి, వేలితో పట్టే ఉంచండి, లేకపోతే మొత్తం చుట్ట గడియారం స్ప్రింగులా విప్పుకుంటుంది.

ఇప్పుడు ఆ తోకను రెండో 620 స్పూలు గాడిలో దూర్చి తిరిగి చుట్టడం మొదలుపెట్టండి. కొంత కాగితం వెళ్లాక ఫిల్ము వదులు కొస వస్తుంది. అది కాగితానికి సమానంగా, మూల మడత పడకుండా లోపలికి వెళ్లేలా వేలికొనతో దారి చూపించాలి. ఎడమ చేతి రెండు వేళ్లతో మొదటి స్పూలును బ్రేకులా నొక్కి పట్టి, కుడిచేత్తో రెండోదాన్ని తిప్పండి. చుట్ట మొదటి నుంచీ బిగువుగా రావాలి. వదులుగా చుట్టేసి చివర్లో మొనను లాగి బిగించడం చాలామంది చేసే తప్పు. అలా లాగితే ఫిల్ము చుట్టూ కాగితం రాసుకుంటుంది, నెగటివ్ పొడవునా సన్నటి గీతలు వస్తాయి. వదులైందనిపిస్తే వెనక్కి విప్పి మళ్లీ చుట్టండి, దానికి ఫిల్ముకేమీ కాదు.

టేపు దగ్గరికి వచ్చేసరికి ఫిల్ము కాగితం మీద గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. చుట్టిన కడ్డీ మారడం వల్ల ఫిల్ము, కాగితం ఒకే దూరం నడవలేదు, ఆ మిగులంతా ఇక్కడికి వచ్చి చేరింది. దీన్ని అలాగే నొక్కి చుట్టేస్తే ఫిల్ముకి అడ్డంగా మడత పడుతుంది. మొదటి ఫ్రేము మీద నెలవంక ఆకారపు మచ్చలు రావడానికి కారణం ఈ మడతే. కాబట్టి టేపును కాగితం వైపు నుంచి మెల్లగా పైకెత్తండి. ఫిల్ముకి అంటుకున్న వైపు అలాగే ఉండనివ్వండి. ఫిల్మును చదునుగా పరిచి, టేపును కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి గట్టిగా అతికించండి. అంకెల లెక్కకి దీనివల్ల తేడా రాదు. టేపును చర్రున లాగితే మాత్రం చీకట్లో నీలిరంగు మెరుపు కనిపిస్తుంది, ఫిల్ము దాన్నీ నమోదు చేసుకుంటుంది. జిగురు పోయి ఉంటే మాస్కింగ్ టేపు ముక్కను కాగితం అడ్డం పొడవునా వేయండి. మధ్యలో చిన్న ముక్క వేస్తే మూల లేచి ఫ్రేము గేటుకి, అంటే ఫొటో పడే చోటి చట్రానికి, తగులుకుంటుంది.

మిగిలిన కాగితం కూడా చుట్టేసి, వెలుతురులోకి వచ్చి పేపరు టేపుతో మూసేయండి. సరిగ్గా చుట్టిన రోలు 620 బిళ్ళల అంచుకి లోపలే ఉంటుంది, కడ్డీ సన్నం కాబట్టి. అంచుతో సమానంగానో పైకో వచ్చిందంటే వదులుగా చుట్టినట్టు, చీకట్లోకి వెళ్లి మళ్లీ చుట్టండి. మొదటి స్పూలు ఇప్పుడు ఖాళీ అయింది కదా, కెమెరాలో చుట్టుకునే వైపు దాన్నే పెట్టుకోవాలి. రెండు స్పూళ్లు చాలనింది అందుకే.

చీకటి ఎక్కడ? ఛేంజింగ్ బ్యాగులో (చేతులు దూర్చి పనిచేసే చీకటి సంచి) చేయొచ్చు గానీ, మన కోస్తా జిల్లాల్లో ఎండాకాలం సంచిలో చేతులు పెట్టిన మూడు నిమిషాలకే చెమట పట్టేస్తుంది. తడి వేలు తగిలిన చోట ఎమల్షన్ (ఫిల్ము మీద వెలుతురు పట్టే పూత) మీద వేలిముద్ర అలాగే నిలిచిపోతుంది. రాత్రిపూట కిటికీ లేని పొడి బాత్రూమ్ చాలా నయం. తలుపు కింద తువ్వాలు దూర్చండి. గీజరు స్విచ్చు మీద ఎర్ర దీపం ఆపేయండి. చేతి వాచీ, ఫోనూ బయట వదిలేయండి. ఇప్పటి ఫిల్ముల్లో దాదాపు అన్నీ ఎరుపుతో సహా అన్ని రంగులకీ స్పందిస్తాయి కాబట్టి ఎర్ర లైటు పనికిరాదు. లోపల ఐదు నిమిషాలు కూర్చుని కళ్లు అలవాటయ్యాక కూడా ఎక్కడా వెలుతురు గీత కనిపించకపోతే మొదలుపెట్టండి.

ఈ ఎరుపు సంగతే కెమెరా వెనక, కాగితం మీది అంకెలు చూసుకునే ఎర్ర కిటికీకీ వర్తిస్తుంది. అది పెట్టిన రోజుల్లో ఫిల్ములకి ఎరుపు కనిపించేది కాదు. ఇప్పుడు కనిపిస్తుంది. వెనక కాగితం చాలావరకు కాపాడుతుంది గానీ ఎండలో తెరిచి ఉంచితే, ముఖ్యంగా వెలుతురుకి త్వరగా స్పందించే ఐఎస్ఓ 400 ఫిల్ముతో, ఫ్రేము మీద గుండ్రటి మచ్చ పడొచ్చు. కిటికీ మీద నల్ల టేపు ముక్క వేసి, ఒక కొస మడిచి పట్టు ఉంచండి. ఫిల్ము తిప్పేటప్పుడు కెమెరాను మీ ఒంటి నీడలోకి తిప్పుకుని, టేపెత్తి, అంకె రాగానే మూసేయండి. కొన్ని ఫిల్ముల కాగితం మీద అంకెలు చాలా లేత బూడిదరంగులో ఉంటాయి, పాత మబ్బు కిటికీలోంచి అసలు కనబడవు. కొనేటప్పుడు కాగితం మీద అంకెలు ముదురుగా వచ్చే బ్రాండు ఎంచుకోండి. ఎర్ర సెల్యులాయిడ్ పగుళ్లు తీసి ఉంటే మార్చేయండి. ముదురు ఎరుపు ఫిల్టరు షీటు ముక్క చాలు.

120 కాగితం మీద మూడు వరుసల అంకెలుంటాయి. ఒక అంచున 6×9 సెం.మీ. ఫొటోల కోసం 1 నుంచి 8, మధ్యలో 6×6 కోసం 1 నుంచి 12, రెండో అంచున 6×4.5 కోసం 1 నుంచి 16. మీ సిక్స్-20 కిటికీ 6×9 వరుసకి ఎదురుగానే ఉంటుంది. ఎనిమిది ఫొటోలు, ఏ లెక్కా అక్కర్లేదు.

ఇప్పుడు సిక్స్-16. దీనికి 616 ఫిల్ము కావాలి. వెడల్పు 70 మి.మీ., ఫొటో కొలత సుమారు 65×110 మి.మీ. కొడాక్ దీన్ని 1984లో ఆపేసింది. ఇంకా పాతదైన 116 కెమెరాలకీ ఇవే కొలతలు, స్పూలు ఒక్కటే తేడా. 120 ఫిల్ము దీనికంటే 8.5 మి.మీ. సన్నం. కాబట్టి ఇక్కడ చిక్కులు మూడు: రోలు గదిలో అటూ ఇటూ జరుగుతుంది, ఫిల్ము గేటులోకి జారిపోతుంది, అంకెలు కలవవు. చాలామంది మొదటిదాన్ని మాత్రమే సరిచేసి, ఫొటోలు మసకగా వస్తున్నాయని లెన్సును తిడతారు. అసలు దోషం రెండో దాంట్లో ఉంటుంది.

రోలు సంగతి తేలిక. బయల్దేరే వైపు 120 స్పూలు రెండు కొసలకీ నాలుగేసి మిల్లీమీటర్ల బిళ్ళలు పెట్టి మధ్యకి తేవాలి. వెర్నియర్‌తో గది లోపలి పొడవు కొలిచి, స్పూలు పొడవు తీసేసి, సగం చేస్తే ఒక్కో బిళ్ళ మందం వస్తుంది. నైలాన్ వాషర్లు చాలు. త్రీడీ ప్రింటింగ్ అందుబాటులో ఉంటే చుట్టుకునే వైపు కీ ఉన్న కొసకి ప్రత్యేకంగా ముక్క చేయించుకోండి. దానికి బయటి వైపు 616 కీ మొన పట్టే గాడి, లోపలి వైపు 120 స్పూలు గాడిలో దూరే నాలుక ఉండాలి. అప్పుడు ఫిల్ము బయటికి వచ్చేటప్పుడు 120 స్పూలు మీదే ఉంటుంది, ల్యాబుకి నేరుగా ఇచ్చేయొచ్చు. అది కుదరకపోతే చుట్టుకునే వైపు పాత 616 స్పూలునే పెట్టి, దాని కడ్డీకి రెండు కొసల్లోనూ రబ్బరు రింగులు తొడిగి లోపలి వెడల్పును 63.5 మి.మీ.కి తగ్గించండి. కాగితం వెడల్పు 63 మి.మీ. కాబట్టి దారి తప్పదు. ఈ పద్ధతిలో మాత్రం ఫిల్ము అయ్యాక కెమెరాను చీకట్లోనే తెరవాలి, రోలు అంచులకి రింగులు పూర్తి రక్షణ ఇవ్వవు.

బయల్దేరే రోలు వదులుగా తిరిగితే కాగితం గదిలోనే విప్పుకుంటుంది. గది గోడకి పలచటి నల్ల ఫోమ్ ముక్క ఒకటి అతికించి, రోలును మెల్లగా తాకేలా పెట్టండి.

ఇక గేటు. ఫిల్ము కూర్చునే రెండు పట్టాల మధ్య ఖాళీ 65 మి.మీ., 120 కాగితం 63. అంటే ఫిల్ముకి పట్టాల మీద ఆనడానికి చోటే లేదు. వెనక నుంచి ప్రెషర్ ప్లేటు (ఫిల్మును చదునుగా నొక్కే రేకు) నెట్టగానే గేటులోకి కుంగుతుంది. మధ్యలో కుంగితే మధ్యలో మసక, ఒక పక్క కుంగితే ఒక పక్క మసక. దీనికి పైనా కిందా రెండు సన్నటి పట్టీలు పెట్టాలి.

అరమిల్లీమీటరు ఇత్తడి రేకును ఇంగ్లిషు ఎల్ అక్షరంలా మడవండి. పొడవు గేటు లోపలి పొడవంత, సుమారు 110 మి.మీ. ఒక రెక్క గేటు లోపలి గోడకి ఆనుతుంది, దాన్ని పలచటి డబుల్ సైడ్ టేపుతో అతికించాలి. రెండో రెక్క ఫిల్ము వైపు, 4.5 మి.మీ. వెడల్పుతో గేటులోకి చొచ్చుకుని ఉంటుంది. పైనొకటి, కిందొకటి పెడితే 65లో 9 పోయి 56 మి.మీ. కిటికీ మిగులుతుంది. ఫిల్ముకి రెండు వైపులా రెండున్నర మిల్లీమీటర్లకి పైగా ఆనుడు దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఈ పట్టీల పైతలం పాత పట్టాల పైతలంతో సమానంగా ఉండాలి. ఉక్కు స్కేలును అడ్డంగా నిలబెట్టి వెనక నుంచి టార్చి వేయండి. స్కేలు కింద వెలుతురు గీత పట్టీ దగ్గర కనిపిస్తే పట్టీ కిందకుంది, పాత పట్టా దగ్గర కనిపిస్తే పట్టీ పైకి లేచింది. పట్టాల మీదే ఒక రేకు పరిచి దాంట్లో కిటికీ కోసేస్తే సులువు కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు రేకు మందమంత ఫిల్ము వెనక్కి జరుగుతుంది. లెన్సు రంధ్రం చిన్నదిగా ఉండే ఎఫ్/16 దగ్గర తెలియకపోవచ్చు, పెద్దదయ్యే ఎఫ్/6.3 దగ్గర దూరపు చెట్లు మెత్తబడిపోతాయి.

రెక్క అంచును సన్నటి గరుకు కాగితంతో గుండ్రంగా నునుపు చేయండి, గోరుతో రాస్తే ఎక్కడా పట్టుకోకూడదు. మెరుపు లేని నల్ల రంగు వేసి, పూర్తిగా ఆరాకే అమర్చండి. ఫెవిక్విక్ లాంటి జిగురు కెమెరా లోపల వాడొద్దు. దాని ఆవిరి లెన్సు వెనక గాజు మీద తెల్లటి పొరలా దిగుతుంది, పైగా పట్టీలు తీసేయాలన్నా రావు.

అంకెలకి ఇందాకటి బలిరోలు కాగితం తీయండి. టేపు గుర్తున్న చోట, అంటే ఫిల్ము మొదలయ్యే చోట, అడ్డంగా మందపాటి గీత గీయండి. కాగితాన్ని కెమెరాలో ఎక్కించి, వెనక తలుపు తెరిచే ఉంచి తిప్పుతూ వెళ్లండి. గీత గేటు దాటి, చుట్టుకునే వైపు అంచుకి అవతల పది మిల్లీమీటర్లు పోగానే ఆపండి. తలుపు మూసి కిటికీలో ఏం కనిపిస్తోందో చూసి రాసుకోండి. అదే మీ మొదటి ఫొటో స్థానం. కిటికీలో మధ్య వరుస కనిపిస్తే పని తేలికే. ఆ వరుసలో అంకెకీ అంకెకీ సుమారు 62 మి.మీ., కాబట్టి ప్రతిసారీ రెండంకెలు జరిపితే 124 మి.మీ. అవుతుంది. ఫొటో 110 కనుక మధ్యలో ఖాళీ పోను ఆరు ఫొటోలు వస్తాయి. కనిపించేది 6×4.5 వరుసైతే అంకెల మధ్య సుమారు 46.5 మి.మీ., అప్పుడు రెండున్నర అంకెలు జరపాలి, అంటే ఒకసారి అంకె మీద, ఇంకోసారి రెండంకెల మధ్యలో ఆపాలి. ఈ లెక్కలో ఫొటోల మధ్య దూరం ఆరు మిల్లీమీటర్లే, చేయి కాస్త స్థిరంగా ఉండాలి. కిటికీలో ఏ వరుసా కనబడకపోతే కిటికీని నల్ల టేపుతో మూసేసి, ఆ కాగితంతోనే కీ ఎన్ని అరచుట్లు తిరిగితే 118 మి.మీ. జరుగుతోందో ఒక్కో ఫొటోకీ విడివిడిగా లెక్కపెట్టండి. చుట్ట లావయ్యే కొద్దీ చుట్లు తగ్గుతాయి, మొదటి ఫొటో లెక్కే చివరిదాకా వాడితే ఫిల్ము వృథా. ఆ లెక్క చీటీ రాసి కెమెరా పెట్టెలో పెట్టుకోండి.

వచ్చే ఫొటో 56×110, దాదాపు ఒకటికి రెండు కొలతలో పొడవాటి దృశ్యం. గోదావరి గట్టు లాంటి చోట ఈ ఆకారం ఎంత బాగుంటుందో ప్రింటు తీశాక చూడండి. వ్యూఫైండరు మాత్రం పాత 65 మి.మీ. ఎత్తే చూపిస్తుంది, పైనా కిందా కొద్దిగా పోతుందని లెక్కలో పెట్టుకోండి.

రెండు కెమెరాలకీ ఫిల్ము ఎక్కించే ముందు చూడాల్సినవి కొన్ని. చీకటి గదిలో బెల్లోస్ లోపల చిన్న టార్చి పెట్టి బయట మడతల మూలలు చూడండి. నక్షత్రాల్లా చుక్కలు కనిపిస్తే అవి రంధ్రాలు. వస్త్రాలకి వాడే నల్ల రంగును సన్నటి కుంచెతో లోపలి వైపు నుంచి రెండు పలచటి పూతలు వేసి, బెల్లోస్ పూర్తిగా సాగదీసి ఒక రోజంతా ఆరనివ్వండి. తడిగా ఉండగా మడిస్తే మడతలు ఒకదానికొకటి అతుక్కుని, తెరిచినప్పుడు చిరుగుతాయి. మందంగా పూసినా ముప్పే, మడత సరిగ్గా మూసుకోదు.

ఫోకస్ కోసం షట్టరును బల్బు (నొక్కినంతసేపూ తెరిచి ఉండే అమరిక) మీద తెరిచి ఉంచి, ఫిల్ము ఆనే పట్టాల మీద మసక సెల్లో టేపును బిగువుగా, జిగురు వైపు పట్టాలకి తగిలేలా అతికించండి. కాగితం జారే బయటి అంచు మీద కాదు, లోపలి పట్టాల మీదే. అర కిలోమీటరు అవతలి సెల్ టవరును చూపించి, ఫోకస్ రింగు అనంతం గుర్తు మీద ఉన్నప్పుడు టేపు మీద బొమ్మ స్పష్టంగా ఉందా అన్నది భూతద్దంతో చూడండి. తేడా ఉంటే ముందు లెన్సు చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలు వదులు చేసి, లెన్సు తిప్పి స్పష్టత తెచ్చి, రింగును అనంతం దగ్గరే ఉంచి మళ్లీ బిగించాలి. షట్టరు ఆకులు మెల్లగా కదులుతుంటే నూనె వేయకండి, అంతకంటే చెడ్డ పని లేదు. నూనె ఆకుల మధ్యకి పాకి వాటిని అతికించేస్తుంది. లైటరు పెట్రోలుతో కడిగి పొడిగా వదిలేయడమే వైద్యం.

ఫిల్ము ఎంపికలో ఐఎస్ఓ 100 చాలు. ఇలాంటి కెమెరాల్లో చాలావాటి షట్టరు గరిష్ఠ వేగం సెకనులో వందో వంతే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100కి ఎఫ్/16, 1/100 సరిపోతుంది. ఐఎస్ఓ 400 పెడితే అదే వేగానికి ఎఫ్/32 కావాలి, మీ లెన్సుకి అది ఉండకపోవచ్చు.

వాడేటప్పుడు ఒక క్రమం తప్పొద్దు: ముందు కెమెరా తెరవండి, తర్వాత ఫిల్ము తిప్పండి. బెల్లోస్ చాచుకునేటప్పుడు లోపలి గాలి పలచబడి ఫిల్మును లెన్సు వైపు పీలుస్తుంది. ముందే తిప్పి ఉంచితే ఆ ఉబ్బు అలాగే ఉండిపోతుంది. తెరిచాక తిప్పితే ఫిల్ము మళ్లీ బిగిసి చదునవుతుంది. తెరిచేటప్పుడు కూడా చప్పున వదలకుండా తలుపును చేత్తో పట్టి మెల్లగా దించండి.

127, 122 కెమెరాల గురించి కూడా అడిగారు. 127 ఫిల్ము 46 మి.మీ. వెడల్పు కాబట్టి 120ని కాగితంతో సహా పొడవునా కోయాలి. బ్లేడు బిగించిన పెట్టె లాంటి స్లిట్టరు లేకుండా చేత్తో కోస్తే అంచు వంకరవుతుంది, ప్రయత్నించకండి. 122 వాడే కొడాక్ 3ఏ లాంటి పోస్టుకార్డు కెమెరాలకి సిక్స్-16 పద్ధతే, బిళ్ళలూ పట్టీలూ ఇంకా వెడల్పుగా కావాలి. ఫొటో పొడవు సుమారు 140 మి.మీ. అక్కడ 6×4.5 వరుసలో మూడంకెలు జరిపితే 139.5 మాత్రమే, ఫొటోలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. మధ్య వరుసలో రెండున్నర అంకెలు జరిపి, రోలుకి నాలుగు ఫొటోలతో సరిపెట్టుకోండి.

ఫిల్ము ల్యాబుకి ఇచ్చేటప్పుడు కవరు మీద "620 స్పూలు, తిరిగి ఇవ్వాలి" అని పెద్దక్షరాలతో రాయండి, నోటితోనూ చెప్పండి. కడిగాక స్పూలును చెత్తబుట్టలో వేయడం ల్యాబుల్లో అలవాటు. నమ్మకం లేకపోతే చీకట్లో 120 స్పూలు మీదకి తిరిగి ఎక్కించి ఇవ్వండి. ఈసారి ఒక్కసారి చుడితే చాలు. కెమెరాలోంచి వచ్చిన రోలులో కాగితం తోక బయటి వైపు, టేపు ఉన్న కొస లోపల ఉంటాయి. కాబట్టి ఎక్కించాక మొదలు కొస పైకి వస్తుంది, ఇది ఫొటోలు తీసిన రోలని ల్యాబుకి తెలియాలి కదా, అందుకు "ఎక్స్‌పోజ్డ్" అని చీటీ అంటించడం మరవకండి.